నాలుగో ట్రాకులో ఇద్దరు

గొంతు ఉన్నవాడికి ఏ యంత్రమైనా ఒకటే. గొంతు లేనివాడికే యంత్రాల మీద అభిప్రాయాలెక్కువ. సుహా వాలా అనే సముద్రపుటొడ్డు ఊళ్లో ఆ వసంతకాలమంతా టేపు తరఫున జెర్కో అంత గట్టిగా వాదించడానికి కారణం అదే. కాకపోతే ఆ సంగతి అప్పటికి జెర్కోకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

క్లాపా అంటే ఊరి పాటగాళ్ల జట్టు, అందులో ఎనిమిది మంది. వాయిద్యమంటూ ఉండదు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, నెలవంకలా వంపు తిరిగి నిలబడి, కళ్లు మూసుకుని పాడతారు. పై గొంతు ఒకడు, రెండో గొంతులు ముగ్గురు, నడిగొంతులు ఇద్దరు, కింది గొంతులు ఇద్దరు. నడిగొంతులు జెర్కో, అతని అక్క మొగుడు బేపో. నడిగొంతు కూరలో ఉప్పులాంటిదని, ఉన్నప్పుడు తెలియదు గానీ లేకపోతే తెలుస్తుందని క్లాపా నాయకుడు నిక్షా ప్రతి సాధనలోనూ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా జెర్కో బుద్ధిగా తల ఊపేవాడు.

ఆరేళ్ల క్రితం జెర్కో మెడలో గడ్డ తీయించుకున్నాడు. గడ్డతో పాటు పాటా పోయింది. మాట వస్తుంది, కానీ నాలుగు స్వరాలు పైకెక్కితే చాలు, గొంతు రెండుగా చీలిపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి మంగళవారం సాధనకు వెళ్లి, ఇక నా వల్ల కాదని చెప్పేద్దామనే అనుకున్నాడు. చెప్పబోతుండగా పక్కనున్న కింది గొంతు కుజ్మా, ఊరందరి బార్బా, అంటే బాబాయి, తన బరువైన చెయ్యి తీసి అతని భుజం మీద వేశాడు. జెర్కో పెళ్లి చేసుకోలేదు. పడవ రేవులో టికెట్లు కోస్తాడు, గాజు కిటికీ వెనకాల కూర్చుని. మంగళ, శుక్రవారాలు మినహాయిస్తే వారంలో అతన్ని ముట్టుకునే మనిషి లేడు. ఆ చెయ్యి కింద నిలబడి నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఎవరూ ఏమీ అనలేదు. అలా ఆరేళ్లు గడిచిపోయాయి.

ఎవరూ అనలేదనడం కూడా తప్పే. బేపో అనేవాడు. వంపుకు ఆ కొసన, కింది గొంతులకు అవతల నిలబడి, పాట అవగానే అరిచేవాడు.

"ఒరేయ్ బావమరిదీ, అంత గట్టిగా ఏడవకురా! నా గొంతు ఒక్క ముక్క వినబడనివ్వట్లేదు నువ్వు!"

ఆ తిట్టు జెర్కోకి అమృతంలా ఉండేది. బావే నమ్మాడంటే ఇంక ఊరి సంగతి చెప్పాలా?

ఆ ఏడాది అవతలి ఒడ్డున జరిగే గానోత్సవం వాళ్లు కొత్త మెలిక పెట్టారు. రాదలచిన క్లాపాలు ముందుగా ఒక పాట రికార్డు చేసి పంపాలి, విన్నాకే పిలుపు. స్టూడియోకి వెళ్దామని ఎవరో అంటే నిక్షా మండిపడ్డాడు. తన ఇంటి కింద ద్రాక్షసారా పీపాలు దాచే కొట్టు ఉండగా, మూడు వందల ఏళ్ల రాతిగోడలు ఉండగా, ఎవడి గదిలోనో పోయి పాడటం ఏమిటన్నాడు. దాంతో యంత్రం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. ఊళ్లో యంత్రాలు రెండే. అవి రెండూ ఒకే శుక్రవారం, ఒకే పీపా మీదికి ఎక్కాయి.

మొదటిది డాక్టర్ లోవ్రెది. ఊరికి పళ్ల డాక్టరు, క్లాపాకు పై గొంతు. పళ్లు పీకేటప్పుడు ఎంత నమ్మకంగా మాట్లాడతాడో అంత నమ్మకంగా మొదలుపెట్టాడు.

"ఇది డిజిటల్. ట్రీయెస్తె పట్నం నుంచి తెప్పించాను. ఎనిమిది ట్రాకులు, మనం ఎనిమిది మందిమి. ఒక్కొక్కరు విడిగా పాడతారు. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆ ముక్క కత్తిరించి, మంచి ముక్క అతికించొచ్చు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఏ ఒక్కడి గొంతునైనా మిగతావాళ్లను ఆపేసి విడిగా వినొచ్చు. ఎవడు ఏం చేస్తున్నాడో ఇట్టే తెలిసిపోతుంది."

జెర్కో పీపాకు ఓ అడుగు దూరం జరిగాడు.

రెండోది బార్బా కుజ్మాది. అరవై తొమ్మిదేళ్ల కుజ్మా ఒకప్పుడు ఓడలో వైర్‌లెస్ చూసేవాడు. ఆయన యంత్రం క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు పట్టే పాత రికార్డరు, చనిపోయిన భార్య ఉన్ని శాలువాలో చుట్టి తెచ్చాడు.

"తప్పు చేసినవాణ్ణి పట్టుకోడానికి యంత్రం ఎందుకయ్యా డాక్టరూ, పెళ్లాం చాలదూ?" అన్నాడు శాలువా విప్పుతూ. "నాలుగు గొంతులు, నాలుగు ట్రాకులు. లెక్క ఎంత బాగా కుదిరిందో చూడు. ఒక్కో గొంతువాళ్లు ఒకే మైకు దగ్గర కలిసి పాడతారు. ఎర్ర మీట నొక్కు, పాడు, అయిపోయింది. నీ దాంట్లో చీమ తలకాయంత తెర ఉంది, అందులో పద్నాలుగు పేజీలున్నాయి. పాడటానికి ముందు చదువుకోవాలా?"

"టేపు బుస్సుమంటుంది బార్బా."

"ముసలాణ్ణి నేనూ బుస్సుమంటాను. నన్నూ సముద్రంలో పారేస్తావా?"

ఒకే మైకు, ఇద్దరు మనుషులు. జెర్కోకి ఒడ్డు కనిపించింది. అంతవరకూ రేడియోలో బ్యాటరీ కూడా తిరగేసి వేసే మనిషి, ఒక్కసారిగా శబ్దశాస్త్రజ్ఞుడైపోయాడు.

"టేపులో వెచ్చదనం ఉంటుంది" అన్నాడు. మంగలి దుకాణంలో ఏదో పత్రికలో చూసిన ముక్క అది. "టేపు ఊపిరి పీలుస్తుంది. డిజిటల్ చల్లగా ఉంటుంది డాక్టర్. చల్లదనం చేపలకు మంచిది, పాటకు కాదు."

అందరూ ఆశ్చర్యంగా చూశారు. అంతకన్నా ఆశ్చర్యం, వెంటనే బేపో లేచాడు.

"మా వాడు చెప్పింది అక్షరాలా నిజం. మనిషిని మనిషి నుంచి విడదీసి పాడిస్తే అది క్లాపా ఎలా అవుతుంది? టేపే కావాలి!"

చారులో ఉప్పు దగ్గర్నుంచి చర్చి గంట వేళ దాకా ముప్ఫై ఏళ్లలో బేపో తనతో ఏకీభవించిన రోజు లేదు. జెర్కోకి అనుమానం రావాల్సింది. రాలేదు. దొంగకు తోడు దొరికితే దేవుడు పంపాడనుకుంటాడు గానీ వాడెందుకొచ్చాడని అడగడు.

"బావా బావమరుదులు ఒకే మాట మీద!" అన్నాడు డాక్టరు. "రికార్డు చేయాల్సింది దీన్ని."

చివరికి నిక్షా తేల్చాడు. కత్తిరించడం, అతికించడం అన్న మాటలు ఆయనకు నచ్చలేదు. "దోమ శ్రుతి తప్పినా పట్టుకునే చెవి నాది. నా క్లాపాకు అతుకులా?" అన్నాడు. టేపే గెలిచింది. డాక్టరు తన యంత్రాన్ని పెట్టెలో పెట్టి మూత వేసిన చప్పుడులోనే ఆయన మనసు తెలిసింది.

శనివారం పొద్దున కొట్టంతా సిద్ధమైంది. నిక్షా భార్య పెరీనా పెళ్లినాటి బొంతలన్నీ పీపాల మధ్య వేలాడాయి. మూలనున్న ఫ్రిజ్ గురగురమంటోందని దాని ప్లగ్గు పీకేశారు. అందులో పెరీనా ఆదివారానికని కూరి పెట్టిన స్క్విడ్ చేపలున్న సంగతి ఎవరూ ఆలోచించలేదు. యంత్రంలో టేపు రాసుకుపోయే తల శుభ్రం చేయడానికి స్పిరిట్ లేకపోతే ఇంట్లో కాచిన ద్రాక్ష బ్రాందీ వాడారు. దూదికొక చుక్క, తుడిచేవాడికొక గ్లాసు. తల నాలుగుసార్లు తుడవాల్సి వచ్చింది.

ముందు కింది గొంతులు పాడారు. తర్వాత రెండో గొంతులు. వాళ్లలో ఒకడికి తుమ్ము, ఇంకొకడికి మాట మరుపు, మూడోసారి పడవ కూత. టేపులో అతుకులు ఉండవు కాబట్టి ప్రతిసారీ మొదటికే. డాక్టరు ఒక్కో తప్పుకీ తన పెట్టె మూత మీద వేలితో తట్టాడు. ఆయన పై గొంతు కూడా అయ్యాక, ఉప్పు చివర్న వేయాలి కదా, నడిగొంతుల వంతు వచ్చింది.

మిగతావాళ్లను వాకిట్లోకి తరిమారు. ఉన్నవి రెండే హెడ్‌ఫోన్లు. అవి జెర్కోకీ బేపోకీ తగిలించారు, ముందు పాడినవాళ్ల పాట వింటూ పాడాలని. కుజ్మా ఎర్ర మీట నొక్కి, తన ఊపిరి కూడా మైకులో పడకూడదని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. శబ్దం చూపే సూది వెనక దీపం ఎన్నడో పోయింది. ఉన్నా చూసేవాడు లేడు. బావా బావమరుదులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. కళ్లు మూసుకున్నారు. చెవుల్లో ఆరుగురి పాట హోరుమంటుండగా జెర్కో ఎంతో భావంతో నోరు తెరిచాడు. పక్కన బావ ఛాతీ పొంగడం చేతికి తెలిసింది. పాడు బావా, ఇద్దరి పాటా నువ్వే పాడు, అని మనసులోనే వేడుకున్నాడు. రెండో చరణం మధ్యలో పైన వంటింట్లో ఏదో గిన్నె ధన్‌మని పడింది. బేపో ఒకసారి దగ్గాడు. మళ్లీ మొదటికి వెళ్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

అందరూ లోపలికి వచ్చాక కుజ్మా నాలుగు ట్రాకులూ కలిపి వినిపించాడు. ఎప్పుడూ పాడేదే, ఎప్పటిలాగే ఉంది. నిక్షా కళ్లు తుడుచుకున్నాడు.

"నడిగొంతు ఎంత ఒదిగి ఉందో చూశారా! అదీ సంస్కారమంటే. కుజ్మా, ఆ ట్రాకు ఒక్కటే ఒకసారి విడిగా పెట్టు, ఈ కుర్ర గొంతులు నేర్చుకుంటారు."

టేపు మీద కూడా విడిగా వినొచ్చన్న సంగతి మంగలి దుకాణం పత్రిక చెప్పలేదు. కుజ్మా మిగతా మూడు మీటలూ కిందికి లాగాడు.

బుస్సు. పొడుగాటి, వెచ్చని, ఊపిరి పీల్చే బుస్సు. అంతే.

డాక్టరు నోట ముందుగా మాట వచ్చింది. ఎన్నాళ్లుగానో దాచుకున్నట్టు వచ్చింది.

"చచ్చింది మీ యంత్రం. బ్రాందీతో తుడిస్తే చావదూ? నాలుగో ట్రాకు అసలు పట్టనేలేదు. నేను ముందే చెప్పాను!"

"ముందే చెప్పాడు" అన్నారు రెండో గొంతులు.

"తీసి సముద్రంలో పారెయ్ కుజ్మా" అన్నాడు నిక్షా. "ఇంత సంస్కారమున్న నడిగొంతును మింగేసింది."

కుజ్మా యంత్రం పక్కన పడున్న శాలువా తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. జెర్కోకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. యంత్రం పాడైంది, తాను బతికిపోయాడు, అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ చేతులవైపు చూశాడు. ఆరేళ్లుగా తన భుజం మీద ఉన్న చెయ్యి వాటిలో ఒకటి. అదిప్పుడు శాలువా అంచును వెతుక్కుంటోంది. సిగ్గు అంటే ఏమిటో జెర్కోకి ఆ రోజే తెలిసింది, అంతకు ముందు తెలిసిందంతా భయమే.

ఇంతలో ఆ బుస్సులోంచి ధన్‌మని గిన్నె చప్పుడు, వెంటనే బేపో దగ్గు, స్ఫటికంలా స్పష్టంగా వినిపించాయి.

"యంత్రం తప్పు కాదు బార్బా" అన్నాడు జెర్కో. "దగ్గు పట్టింది కదా. పాట ఉంటే పాటా పట్టేది. నేను పాడలేదు. ఆరేళ్లుగా పాడట్లేదు. ఆపరేషన్‌తోనే పోయింది. నోరు మాత్రం తెరుస్తున్నాను."

ముందుగా తేరుకున్నవాడు డాక్టరు.

"సరే, నువ్వు పాడలేదు. మరి బేపో?"

ఏడు తలలు బేపో వైపు తిరిగాయి. ఆయన తన టోపీ తీసి అందులోకి చూసుకున్నాడు.

"నాకు పళ్లు కట్టించి ఏడేళ్లయింది. నోరు పెద్దగా తెరిస్తే పైవరస జారి కింద పడుతుంది."

"ఎవడు కట్టాడా పళ్లు?" అని నిక్షా గర్జించాడు.

బేపో పై గొంతు వైపు చూశాడు. డాక్టర్ లోవ్రె తన డిజిటల్ యంత్రం పెట్టె గొళ్లెం సరిగా పడిందో లేదో చూసుకోవడంలో మునిగిపోయాడు.

"మరి నేను గట్టిగా పాడుతున్నానని ఇన్నాళ్లూ తిట్టావు కదా బావా!"

"నా గొంతు ఎందుకు వినబడట్లేదని ఎవడైనా అడిగితే చెప్పడానికి ఓ కారణం ఉండాలి కదరా!"

మెట్ల మీద నవ్వు వినిపించింది. చేతిలో మెత్తబడిన స్క్విడ్ల గిన్నెతో పెరీనా నిలబడి ఉంది.

"మా వంటింటి చెక్కనేలలోంచి నాకు మీ ఒక్కొక్కడి గొంతూ వినిపిస్తుంది. మీ పాటలో నడుమ ఏదో బోలుగా ఉందని ఐదేళ్ల కిందటే చెప్పాను ఈయనకి. నీకేం తెలుసు సంగీతం అన్నాడు. దోమ శ్రుతి పట్టుకుంటాడట! ఇద్దరు మగాళ్లు పక్కన నోళ్లు మూసుకుని నిలబడితే పట్టుకోలేకపోయాడు. నా ఫ్రిజ్ ప్లగ్గు ఎవడు పీకాడో ముందు అది చెప్పండి."

నిక్షాకి కోపం ఎవరి మీద చూపాలో తెలియక అందరి మీదా చూపాడు. తర్వాత డాక్టర్ యంత్రం బయటికి తీయించి, ఎనిమిది మందినీ విడివిడిగా పాడమన్నాడు, ఆ ఇద్దరినీ చివర్న. బేపో పళ్లు జేబులో పెట్టుకుని పాడాడు, మాటలన్నీ గాలిలో కలిసిపోయాయి. జెర్కో పాడితే నూనె లేని గిలక మీద చేద తోడినట్టుంది. డాక్టరు పద్నాలుగు పేజీల్లో వెతికి గొంతు సవరించే మీట నొక్కాడు. గిలక శ్రుతిలో పడింది గానీ గిలక గిలకే. చివరికి డాక్టరు ఆ రెండు ట్రాకుల మీటలూ మెల్లగా కిందికి దించేశాడు. పాట మళ్లీ ఎప్పటిలాగే అయిపోయింది.

"చూశారా" అన్నాడు కుజ్మా. "మీ ఎనిమిది ట్రాకులూ కలిసి నా నాలుగు ట్రాకుల దగ్గరికే వచ్చాయి."

ఈ కొట్టు దాటి ఒక్క మాట బయటికి పోకూడదని ఒట్టు వేయించుకుని, శుక్రవారం పడవకు నిక్షా టేపులో పాటే పంపాడు. ఆ ఇద్దరినీ క్లాపాలోంచి తీసేస్తే ఊరు ఎందుకని అడుగుతుంది. కాబట్టి ఉంచాడు. ఒకరి మీద ఒకరు నిఘా ఉంచుతారని పక్కపక్కనే నడిమధ్యలో నిలబెట్టాడు. జెర్కో కోరుకున్నది అదే, తన చోటు తనకు దక్కింది. అయినా ఆ వారం తిన్న అన్నం ఒంటికి పట్టలేదు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. నిక్షా కొట్టులో నిలబడి గట్టిగా చదివాడు. సుహా వాలా క్లాపాను ఎంపిక చేశారు. "ముఖ్యంగా నడిగొంతుల నిగ్రహం అపూర్వం. నేటి గాయకులకు అది పాఠం. వేదిక మీద కూడా ఏమాత్రం మార్పు లేకుండా ఇలాగే పాడవలసిందిగా కోరుతున్నాము."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని మాత్రం అందరికీ ఉంది.

"విన్నారు కదా" అని నిక్షా ఉత్తరం మడత పెట్టాడు. "ఏమాత్రం మార్పు లేకుండా. మీరిద్దరూ గొంతు విప్పారో, తిరుగు పడవ ఎక్కనివ్వను."

తిట్లు పడగలిగాడు గానీ జెర్కో ఆ పొగడ్తను భరించలేకపోయాడు. తన గొంతు లేకపోవడమే అంత బాగుందని చెప్పడానికి అంత చక్కటి అక్షరాలతో ఉత్తరం రాయాలా? ఆరేళ్లు తన చోటు పోతుందేమోనని భయపడ్డాడు. ఆ చోట్లో తను లేకపోతేనే మేలని ఇప్పుడు ముద్ర వేసి మరీ పంపారు.

ఉత్సవం రోజు సాయంత్రం, ఎండ ఇంకా రాళ్ల మీద ఉండగానే, ఎనిమిది మందీ వేదిక ఎక్కారు. మొదటి వరుసలో, వాళ్లను ఎంపిక చేసిన పెద్దమనుషులు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కుజ్మా చెయ్యి జెర్కో ఎడమ భుజం మీద పడింది. ఎప్పటికన్నా కొంచెం బరువుగా, ఒకసారి నొక్కి వదిలింది. కుడి భుజం మీద బేపో చెయ్యి. డాక్టరు శ్రుతి అందించాడు. అందరూ కళ్లు మూసుకున్నారు.

మొదటి చరణం జెర్కో నోరు మాత్రమే తెరిచాడు. రెండో చరణంలో, అక్కడే టేపులో గిన్నె పడిందని గుర్తొచ్చి, పాడాడు. గిలక కదిలింది. చీలింది, బొంగురుపోయింది, మళ్లీ పట్టుకుంది. మొదటి వరుసలో ఒక కలం ఆగిన చప్పుడు కూడా వినిపించినట్టనిపించింది. వంపు ఆ కొసన నిక్షా మెడ ఎర్రబడటం కళ్లు మూసుకున్నా తెలుస్తూనే ఉంది. జెర్కో ఆపలేదు. భయంతో చెమట కారుతోంది, అయినా ఆరేళ్లలో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉంది.

అప్పుడు కుడి చెవి పక్కన, పళ్లు జేబులో పెట్టుకుని తనూ పాడుతున్న బేపో, పాదానికీ పాదానికీ మధ్య దొరికిన సందులో గుసగుసగా తిట్టాడు.

"ఒరేయ్, మెల్లగా పాడరా! నా గొంతు ఒక్క ముక్క వినబడనివ్వట్లేదు."

ఇన్నేళ్లుగా అంటున్న ఆ మాట ఆ రోజు మొదటిసారి నిజమైంది.